వంతెన ఊరు తప్ప

మార్కెట్ వెనక వీధి, మూడో అంతస్తు
జనవరి 9

చెల్లాయ్,

నువ్వు గీసి పంపిన పటం అందింది. మన దీవిని కోడిగుడ్డులా గీసి, చుట్టూ ఉన్న తీరం రోడ్డుకి ఎర్ర సిరా పూశావు. అంతవరకూ బాగానే ఉంది. దక్షిణపు కొస మీద టీ గ్లాసు మరక ఉంది. ఆ మరకలో అన్నం మెతుకొకటి ఎండి అతుక్కుపోయి ఉంది. దాన్ని చాకు మొనతో గీకి, రెండుసార్లు చేతులు కడుక్కుని, అప్పుడు చదివాను. యాభై రెండేళ్ళొచ్చాయి, తింటూ రాయకూడదని ఇంకా నీకు నేనే చెప్పాలా?

రోజుకి అరవై కిలోమీటర్లు మించకుండా, నచ్చిన చోటల్లా ఆగుతూ, ఇరవై రోజుల్లో దేశం చుట్టి వద్దామంటావు. వినడానికి హాయిగానే ఉంది. ఎక్కడ పడుకుంటామో ఆలోచించావా? ముప్ఫై నాలుగేళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా హోటళ్ళ వంటిళ్ళూ లాడ్జీల స్నానాలగదులూ తిరిగి, రిటైరై పట్టుమని పది రోజులు కాలేదు. మళ్ళీ వాటిల్లోకే వెళ్ళి పడుకోమంటావు. లాడ్జి దిండుకి గలీబు తీసి చూశావా ఎప్పుడైనా? ఎందరి తలనూనె తాగిందో, పసుప్పచ్చగా ఒకదాని మీద ఒకటి మరకలు. సబ్బు మీద ఎవరిదో వెంట్రుక. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్ళు ముంచి ఒకే చేత్తో ఎత్తుకొచ్చే సర్వరు. ఆ చెయ్యి అంతకు ముందు ఎక్కడుందో నాకు తెలుసు. తెలియడమే నా ఖర్మ. హోటలు వాళ్ళు నాకు 'ముక్కు మేడమ్' అని ఊరికే పేరు పెట్టలేదు.

అయినా వస్తాను. మీ ఆయన పోయిన ఆరేళ్ళలో నువ్వు నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం ఇదే మొదటిసారి. నా దుప్పట్లు, నా గ్లాసు, నీళ్ళు కాచుకునే గిన్నె నేను తెచ్చుకుంటాను. నువ్వు వెక్కిరించకూడదు.

ఇంకొక్క షరతు. వంతెన ఊరు వద్దు. ఉప్పు మళ్ళ ఊరి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అవతలి వైపు నుంచి మిగతాది చూద్దాం. మీ ఆయన పోయిన ఊళ్ళో నిన్ను నిలబెట్టి చూడటం నా వల్ల కాదు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో మనం ఇద్దరం ఒకేసారి పోట్లాడతాం. ఉత్తరాల్లో అయితే వంతులవారీగా పోట్లాడుకోవచ్చు.

మీ అక్క


రేవు ఊరు, డ్రైవింగ్ స్కూలు
జనవరి 21

అక్కా,

ఆ మెతుకు నాది కాదు, నా దగ్గర కారు నేర్చుకుంటున్న బ్యాంకు గుమాస్తాది. ఆయన ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో గేరు వేస్తాడు. గేరు రాడ్డు మీద ఎప్పుడూ జిడ్డే. మొన్న మలుపులో భయపడి నా ఒడిలో వాంతి చేసుకున్నాడు. రోత అనేది నీ ఉద్యోగంతో వచ్చింది కాబట్టి నీకే సొంతమనుకుంటున్నావు. మాకూ రోజూ కాస్త కాస్త దొరుకుతూనే ఉంటుంది.

మన ప్రయాణం స్కూలు కార్లోనే. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది. నువ్వు అక్కడే కూర్చుంటావు. రోడ్డు మీద చెత్త కనిపించినప్పుడల్లా నువ్వు దాన్ని తొక్కుతావని నాకు తెలుసు, అందుకే రోజుకి అరవై కిలోమీటర్లు పెట్టాను.

షరతు మాత్రం కుదరదు. చుట్టూ తిరగడమంటే చుట్టూ తిరగడమే. ఒక్క ఊరు వదిలేస్తే అది గుర్రపు నాడా అవుతుంది. ఆయన తూకాలు బాగుచేసే పెట్టె భుజాన వేసుకుని ఏడాదికి రెండుసార్లు ఈ రోడ్డంతా తిరిగేవారు. ప్రతి దుకాణంలో తక్కెడ సరిచేసి, సాయంత్రానికి వచ్చే ఊరు చేరేవారు. ఈసారి నిన్నూ తీసుకెళ్తానని ప్రతిసారీ అనేవారు. నేను ఆ రోడ్డు మీద వెళ్ళింది ఒక్కసారే, ఆయన్ని తీసుకురావడానికి. వ్యాను కిటికీలకి తెరలు కట్టారు. ఏ ఊరూ చూడలేదు.

నేను అక్కడ ఏడుస్తానని నీ భయం. ఏడవను. ఆయన దిగిన లాడ్జిని నువ్వు మూయించిన రోజు పేపర్లో వచ్చిన ఫోటో నా బల్ల అద్దం కింద ఇప్పటికీ ఉంది. నీళ్ళ ట్యాంకులో చచ్చిన పావురాలు తేలాయని కింద రాశారు. తలుపుకి సీలు వేస్తూ నువ్వు ముక్కు చిట్లించి ఉంటావు. మా స్కూలుకొచ్చే ప్రతివాళ్ళకీ చూపిస్తాను, మా అక్క అని. ఆ రోజుల్లో నేను అన్నం ముట్టింది ఆ ఫోటో చూశాకే. నువ్వు పక్కనుంటే ఆ ఊళ్ళో నేను తలెత్తుకుని నడుస్తాను.

నీ చెల్లి


మార్కెట్ వెనక వీధి
ఫిబ్రవరి 16

చెల్లాయ్,

ఆ ఫోటో తీసెయ్. అద్దం కింద కాగితం చెమ్మపట్టి బూజు వస్తుంది, దాని మీదే మోచేతులానించి నువ్వు తింటావు.

మొన్న ఆఫీసువాళ్ళు పిలిచి సన్మానం చేశారు. ఒక్కొక్కరు నోట్లోంచి తుంపరలు పడేలా పాతిక నిమిషాలు పొగిడారు, ఆ తుంపరల కిందే మిఠాయి పళ్ళెం మూత లేకుండా పెట్టారు. కప్పిన శాలువాకి ఇంకెవరిదో చెమట వాసన. ఎక్కడో ఎవరికో కప్పి, తీసి, మళ్ళీ నాకు కప్పారు. పెద్దాఫీసరు లేచి, వంతెన ఊరి లాడ్జి కథ మొదలెట్టాడు. ఏడుగురి ప్రాణాలు తీసిన లాడ్జిని ఒంటి చేత్తో మూయించిన ధీరురాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బాత్‌రూమ్‌కి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాను. మిఠాయి పడలేదని చెప్పాను. నేను మిఠాయి తినలేదు.

ఇంటికొచ్చాక ఆ శాలువా మెట్ల దగ్గర పడేశాను. కింద ఇంటావిడ ఏరుకుని గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి వేసింది. రోజూ దాన్ని దాటుకుని వెళ్తున్నాను.

కొండల మీదుగా లోపలి రోడ్డొకటి ఉందట. ఉప్పు మళ్ళ ఊరి నుంచి ఎడమకి తిరిగితే వంతెన ఊరు తగలకుండానే మళ్ళీ సముద్రం దగ్గర తేలుతాం. బస్సు ఆఫీసులో కనుక్కున్నాను. రోడ్డు బాగుందన్నారు. నీకు ఏ ఊళ్ళో కావాలంటే ఆ ఊళ్ళో రెండు రోజులు ఎక్కువ ఉందాం, దీపస్తంభం ఊళ్ళో వారం ఉందామన్నా ఉంటాను. ఈ ఒక్క మాట విను.

అక్క


రేవు ఊరు
మార్చి 4

అక్కా,

నువ్వు ఒకరిని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. కూరగాయలవాడు పుచ్చు వంకాయ ఒకటి కలిపితే బుట్టంతా వాడి మీద బోర్లించిన మనిషివి. నీ ఒంట్లో బాగానే ఉందా?

నాకు మాత్రం మహా హుషారుగా ఉంది. పని మొదలెట్టేశాను. జూన్ ఒకటిన బయల్దేరతాం. పదకొండో తారీకు ఉప్పు మళ్ళ ఊళ్ళో ప్రయాణికుల బస, పన్నెండున వంతెన ఊరు. ఆ లాడ్జినే పేరు మార్చి మళ్ళీ తెరిచారట. అందులోనే రెండు గదులు కావాలని ఉత్తరం రాశాను. మా అక్క ఫలానా అని కూడా రాశాను. మేనేజరు తిరుగు టపాలో జవాబిచ్చాడు. మేడమ్‌గారు వస్తే మాకు గౌరవం, కొత్త ట్యాంకు కట్టించాం, వచ్చి చూసి నాలుగు మంచి మాటలు రాసి వెళ్ళమన్నాడు. నవ్వొచ్చింది నాకు. నిన్ను చూస్తే వాడికి నోరు తడారిపోదూ.

నా కోరిక చెప్తాను, పిచ్చిదాన్ననుకోకు. నువ్వు ఆ ట్యాంకెక్కి చూసి, నీళ్ళు బాగున్నాయంటే, నేను అక్కడ ఒక గ్లాసు నీళ్ళు తాగుతాను. అంతే. ఆరేళ్ళుగా ఆ ఊరి పేరు వింటే నా నాలుక మీద ఏదో కుళ్ళు రుచి తగులుతుంది. నువ్వు సరేనన్న నీళ్ళు తాగితే అది పోతుంది. డాక్టరు మందు రాసినా నీ వైపు చూసి మింగేదాన్ని చిన్నప్పుడు, గుర్తుందిగా.

కొండ రోడ్డు గురించి మళ్ళీ ఎత్తకు.

నీ చెల్లి


మార్కెట్ వెనక వీధి
మార్చి 19

చెల్లాయ్,

ఈ ఉత్తరం తింటూ చదవకు.

అప్పట్లో తూర్పు తీరం కూడా నా కిందే ఉండేది. మీ ఆయన పోవడానికి నాలుగు నెలల ముందు ఆ లాడ్జికి ఏటా ఇచ్చే శుభ్రత పత్రం ఇచ్చింది నేనే.

ముందు గదులు చూశాను. వంటిల్లు చూశాను. నేను వస్తున్నానని తెలిసి అద్దంలా తుడిచారు. ఇక ట్యాంకు మిగిలింది. అది పెరటి వెనక, ఇనప మెట్ల మీద. పెరట్లోకి అడుగు పెట్టబోయాను. చేపల పొట్టల కుప్ప, పొంగిన మురుగు, దాని మీద ఈగలు గుంపుగా లేచాయి. మెట్లకీ పక్కనున్న కమ్మీకీ నల్లటి జిగురు. ఆ కమ్మీని పట్టుకోవాలి, పట్టుకుని ఎక్కాలి. నాకు గొంతు దాకా వచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. ట్యాంకు కడిగారా అని మేనేజరుని అడిగాను. కడిగాం మేడమ్ అన్నాడు. 'ట్యాంకు చూశాను, శుభ్రం' అని రాసి సంతకం పెట్టి, నా సబ్బుతో చేతులు కడుక్కుని బస్సెక్కాను.

అందరూ నా ముక్కుని చూసి భయపడేవారు. ఇంత రోత పడే మనిషి కంట్లో మురికి తప్పించుకోలేదనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఎక్కడ బాగా కంపు కొడితే అక్కడే నేను చూడలేదు. అది ఆ ఒక్క రోజు చేసిన పని కూడా కాదు. ఎన్ని చోట్ల గుమ్మంలో ఆగిపోయానో లెక్క రాసుకోలేదు.

ఆ ఏడాది జూన్‌లో, ఆ లాడ్జి నీళ్ళు తాగి పోయినవాళ్ళ జాబితా ఆస్పత్రి నుంచి ఆఫీసుకొచ్చింది. ఐదో పేరు మరిదిది. అప్పుడు వెళ్ళాను. అప్పుడు ఎక్కాను ఆ మెట్లు. పావురాలు అయిదారు ఉన్నాయి, ఉబ్బిపోయి, ఈకలు ఊడి. అవి నెలల నాటివి. పేపరువాళ్ళు వచ్చేలోగా లోపలికెళ్ళి, గోడకి అద్దం కట్టి పెట్టిన నా పత్రాన్ని మేకు మీంచి తీసి సంచిలో వేసుకున్నాను. తర్వాత బయటికొచ్చి సీలు వేశాను. నువ్వు దాచుకున్న ఫోటోలో నా భుజానికి సంచి ఉంటుంది చూడు. అది అందులో ఉంది.

ఆరేళ్ళు నువ్వు నన్ను నెత్తిన పెట్టుకున్నావు. నువ్వు పొగిడినప్పుడల్లా నా ఒళ్ళంతా ఆ మెట్ల జిగురు పూసినట్టుండేది. అయినా వద్దనలేదు. నాకు ఇంకెవరున్నారు. చెప్పేస్తే నువ్వూ ఉండవని ఊరుకున్నాను. ఈ భూమ్మీద నేను చూసిన అన్ని మురికి చోట్లలోకీ నాకు ఎక్కువ రోత పుట్టించేది నేనే.

నీళ్ళ గురించి నా మాట అడిగావు. నేను అందుకు తగను.

అక్క


మార్కెట్ వెనక వీధి
మే 2

చెల్లాయ్,

ఆరు వారాలైంది. తిట్టినా పరవాలేదు, రాయి. పోస్ట్‌మాన్ వచ్చే వేళకి మెట్ల మీదకొచ్చి నిలబడుతున్నాను.

అక్క


రేవు ఊరు
మే 20

నీ ఉత్తరం అందిన రోజు ఫోటో తీసి చింపేశాను. ముక్కలు బుట్టలో వేస్తే బుట్ట కూడా పారెయ్యాలనిపించింది. కోపం అనుకున్నాను ముందు. కోపమైతే అరిస్తే పోతుంది. ఇది పోవడం లేదు. నువ్వు కుట్టిచ్చిన రవికలు బీరువాలో ఉన్నాయి, ముట్టుకోబుద్ధి కావడం లేదు. చిన్నప్పుడు నా జ్వరానికి నువ్వు నుదుటి మీద చెయ్యి వేసేదానివి. అది తల్చుకున్నా ఒళ్ళు జలదరిస్తోంది.

ఇప్పుడు నేను దాచిన మాట విను.

ఆ పత్రం మీద నీ సంతకం ఉందని నాకు అప్పుడే తెలుసు. ఆయన ఆ లాడ్జి నుంచి ఫోన్ చేశారు. "నీళ్ళు ఏదో వాసనొస్తున్నాయే, వేరే చోటికి మారిపోతా" అన్నారు. మారమనే చెప్పబోయాను. ఇంతలో ఆయనే నవ్వి, "ఇదిగో, గోడ మీద మీ అక్క సంతకం కూడా ఉంది" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "మా అక్క చూసిన చోటా, అయితే ఇంక అనుమానమేంటి, వాసన మీ ముక్కులోనే ఉంది, హాయిగా ఉండండి" అన్నాను. ఆయన ఉండిపోయారు. మూడు రోజులు తాగారు.

నీకెందుకు చెప్పలేదంటే నువ్వు కుమిలిపోతావని. అక్క చూసినప్పుడు బాగానే ఉండుంటాయి, తర్వాత పాడై ఉంటాయి, ఎవరి తప్పూ లేదని ఆరేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నీ తప్పు లేకపోతేనే నా తప్పు ఉండదు. నువ్వు ఒక్క ఉత్తరంతో రెండూ తేల్చేశావు. నువ్వు చూడకుండా రాశావు, నేను చూడకుండా నమ్మాను. ఆయన్ని ఇద్దరం కలిసి పంపించాం.

నీ గది రద్దు చేశాను. నేను వెళ్తాను. జూన్ ఒకటిన బయల్దేరతాను, అన్ని ఊళ్ళూ అనుకున్నట్టే ఆగుతాను, పన్నెండున ఆ లాడ్జిలో దిగుతాను. ఆ నీళ్ళు తాగుతాను. ఎవరి సంతకాలూ నాకు అక్కర్లేదు. నువ్వు రావద్దు. కార్లో నీ పక్కన కూర్చోలేను.

ఒకటి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇంత తెలిశాక కూడా, ఎవరైనా గ్లాసు చేతికిస్తే, అక్క ఉంటే ఏమనేదో అని నా చెయ్యి ఆగుతోంది. నాకు అన్నిటికంటే అసహ్యంగా ఉన్నది అదే.


వంతెన ఊరు, లాడ్జి పెరడు
జూన్ 11, మధ్యాహ్నం

చెల్లాయ్,

రావద్దన్నావు. నీ ప్రయాణంలోకి రాలేదు. బస్సులో అవతలి వైపు నుంచి వచ్చాను. ఈ కాగితం కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, సాయంత్రానికి నువ్వు ఉప్పు మళ్ళ ఊరి బసలో ఉంటావని. చదవకుండా చింపేస్తావేమోనని మడత బయట కూడా ఒక ముక్క రాశాను.

కొత్త ట్యాంకే కట్టారు, మెట్లు మాత్రం పాతవే. కమ్మీ వట్టి చేత్తో పట్టుకున్నాను. రెండో మెట్టు మీద వాంతయింది. దిగి నోరు కడుక్కుని మళ్ళీ ఎక్కాను. మూత పగిలి ఉంది, పగులు మీద ఇటుక పెట్టారు. అడుగున జానెడు బురద, గోడలకి ఆకుపచ్చ పాచి. పైన ఈకలు. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి చూశాను, సన్నటి ఎర్ర పురుగులు లేచాయి. కింద గోడ మీద ఈ ఏటి పత్రం తళతళలాడుతోంది. నా సీట్లోకి వచ్చినాయన సంతకం. 'ట్యాంకు చూశాను, శుభ్రం.' ఆయనకి పని నేర్పింది నేనే. గుమ్మంలో ఎక్కడ ఆగాలో కూడా నన్ను చూసే నేర్చుకుని ఉంటాడు.

పెద్దాఫీసుకి ఉత్తరం రాసి పోస్టులో వేశాను. సంచిలో దాచుకున్న నా పాత పత్రం దానికి జత చేశాను. ఇక వాళ్ళిష్టం. మేనేజరు నన్ను బయటికి వెళ్ళమంటున్నాడు. గేటు ముందు కూర్చుంటాను, దిగబోయే ప్రతివాళ్ళకీ చెప్తాను. రేపు నువ్వొస్తే నా వైపు చూడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. కారు ఆపకుండా వెళ్ళిపోయినా సరే.

ఈసారి నేను చూసి చెప్తున్నాను. ఈ నీళ్ళు తాగకు.

అక్క